విజయనగరంలో బీఆర్టీఎస్ కట్టాలంటే: బస్సులో కూర్చుని లెక్క రాయడం దగ్గర్నుంచి

బీఆర్టీఎస్ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టం, బస్సులు ఆగకుండా వేగంగా వెళ్లేలా చేసే ఏర్పాటు) అనగానే మన ఉత్తరాంధ్ర వాళ్లకి విశాఖపట్నమే గుర్తొస్తుంది. పెందుర్తి కారిడార్, సింహాచలం కారిడార్ రెండూ కలిపి దాదాపు 40 కిలోమీటర్లు. కేంద్రం నగరాల అభివృద్ధికి పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం కింద మొదలుపెట్టారు. రోడ్లు వెడల్పయ్యాయి, మధ్యలో బస్టాపులు లేచాయి. కానీ మధ్య లేన్ బస్సుకే సొంతమన్న మాట ఎక్కడా నిలబడలేదు. ఇప్పుడు ఆ రోడ్డుని జనం 'బీఆర్టీఎస్ రోడ్డు' అనే పిలుస్తారు, అందులో మిగిలింది రోడ్డే. విజయవాడ సత్యనారాయణపురంలో పాత రైలుకట్ట జాగాలో వేసిన దారికి కూడా అదే పేరు.

అందుకని మన విజయనగరంలో ఈ మాట ఎత్తితే ముందు ఒకటి తేల్చుకోవాలి. బీఆర్టీఎస్ అంటే రోడ్డు మధ్యన గీసిన లేన్ కాదు. బస్సుకి టైం ఎక్కడ పోతోందో కనిపెట్టి, అక్కడ బస్సుకి దారివ్వడం. టైం పోని చోట రోడ్డుని ముట్టుకోనక్కర్లేదు. ట్రాఫిక్ సర్వేల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, ఈ వరస తలకిందులు చేస్తే ఏమవుతుందో దగ్గర్నుంచి చూశాను. సరైన వరస ఎలా ఉండాలో కింద రాస్తున్నాను. మున్సిపల్ ఇంజనీర్లకి, ప్లానింగ్ చదివే పిల్లలకి, కౌన్సిల్‌లో ప్రశ్నలడగాల్సిన కార్పొరేటర్లకి ముగ్గురికీ పనికొచ్చేలా రాసే ప్రయత్నం ఇది.

1. ముందు లెక్క, బండ్లది కాదు, మనుషులది

మామూలు ట్రాఫిక్ సర్వేలో రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని బైకులెన్ని, కార్లెన్ని, బస్సులెన్ని అని గీతలు గీస్తారు. అది అవసరమే, కాని చాలదు. గంటలో వెయ్యి బైకులు, ముప్పై బస్సులు వెళ్లాయని రాస్తే చదివిన అధికారికి రోడ్డంతా బైకులదే అనిపిస్తుంది. ముప్పై బస్సుల్లో మనిషికి మనిషి లెక్కేస్తే, బస్సుకి యాభై మంది చొప్పున 1,500 మంది. బైకుల మీద వెళ్లింది పన్నెండు, పదమూడు వందల మంది. రోడ్డు మీద జాగా ఎవరు ఎంత ఆక్రమించారో పక్కనే రాయండి, అసలు సంగతి అప్పుడు బయటపడుతుంది.

కదిలే బస్సులో తలలు లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. దానికో పద్ధతి ఉంది. కాగితం మీద ఆరు గళ్లు గీసుకోవాలి: ఖాళీ, సగం సీట్లు, సీట్లు నిండుగా, కొందరు నిలబడి, కిక్కిరిసి, ఫుట్‌బోర్డు మీద కూడా. బస్సు కళ్ల ముందు నుంచి వెళ్లేటప్పుడు ఒక గడిలో టిక్కు పెడితే చాలు. అరగంట అలవాటైతే ఎవరైనా చేయగలరు. ఆర్టీసీ కాంప్లెక్స్ బయట, మయూరి జంక్షన్, దాసన్నపేట, కోట జంక్షన్, ఇలా ఐదారు చోట్ల ఉదయం ఏడు నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు కూర్చోవాలి. కాలేజీలు నడిచే రోజులే ఎంచుకోవాలి. పండగ వారం, పరీక్షల సెలవులు, పెళ్లి ముహూర్తాల రోజులు పనికిరావు. సర్వీస్ ఆటోలని విడిగా రాయాలి. మన ఊళ్లో సగం ప్రజా రవాణా వాటి మీదే నడుస్తోంది. ఆటోని కారు ఖాతాలో వేసిన సర్వే మన ఊరికి పనికిరాదు.

రెండో సర్వే ఇంకా ముఖ్యం. ఈ మొత్తం పనిలో ఒక్కటే చేసే వీలుంటే నేను దీన్నే చేస్తాను. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, చేతిలో నోటు పుస్తకంతో బస్సెక్కాలి. డ్రైవర్ వెనక సీటైతే ముందు రోడ్డు కనిపిస్తుంది. పేజీని మూడు నిలువు గడులుగా విడగొట్టాలి. బస్సు కదులుతున్న టైం మొదటి గడిలో, స్టాపులో జనం ఎక్కీ దిగే టైం రెండో గడిలో, సిగ్నల్ దగ్గరో జంక్షన్‌లోనో ఇరుక్కున్న టైం మూడో గడిలో. పక్కన కారణం ఒక్క మాటలో: 'చిల్లర', 'ఆటో అడ్డం', 'కొబ్బరిబొండాల బండి', 'గేటు'. ఒకే రూటులో ఒక్కో దిక్కుకి కనీసం పది ట్రిప్పులు, వేర్వేరు రోజుల్లో.

పది ట్రిప్పులయ్యాక గడులు కూడితే మనం అనుకున్నది చాలాసార్లు తప్పని తేలుతుంది. రోడ్డు ఇరుకు కాబట్టి బస్సు లేటు అనుకుంటాం. తీరా చూస్తే రెండు జంక్షన్లు, నాలుగు స్టాపులు కలిసి సగం టైం తినేస్తుంటాయి. మిగతా రోడ్డంతా బస్సు బాగానే పోతుంటుంది. ఆ మూడు గడుల కాగితం లేకుండా డీపీఆర్ (ప్రాజెక్టు వివరాల నివేదిక) రాసే కన్సల్టెంట్‌ని పిలవకండి. పిలిస్తే వాళ్లు ముందుగా రోడ్డు వెడల్పే కొలుస్తారు, అక్కణ్నుంచి పని దారి తప్పుతుంది.

2. లైను ఎక్కడ వేయాలి

అహ్మదాబాద్‌లో జన్‌మార్గ్, అంటే ఆ ఊరి బీఆర్టీఎస్, 2009 అక్టోబరులో మొదలైంది, అక్కడి సెప్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్లాన్ గీశారు. వాళ్లు పాటించిన సూత్రం తెలివైనది. జనం వెళ్లే చోట్లన్నిటినీ కలపాలి, కాని రద్దీకి పేరుపడ్డ రోడ్డులోనే దూరాలని పట్టుబట్టకూడదు. పాత ఊరి సందులోంచి కాకుండా కాస్త చుట్టూ ఉన్న వెడల్పు రోడ్డు మీదుగా మొదలుపెట్టారు. పని చేసే బస్సుని జనం కళ్లారా చూశాక తర్వాతి రోడ్లు అడగడం తేలికవుతుంది. ఢిల్లీలో దీనికి పూర్తిగా ఎదురు జరిగింది. అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల ముక్క 2008లో తెరిచారు, అప్పటికే ఊపిరాడని రోడ్డు అది. కార్లవాళ్ల గొడవ మొదటి రోజు నుంచే వార్తల్లో ఉంది. 2016లో దాన్ని తవ్వి తీసేశారు.

మన ఊరికి దగ్గర పోలికంటే హుబ్బళ్లి–ధార్వాడ్. జంట పట్నాలు, మధ్యలో కాలేజీలు, ఆఫీసులు, దాదాపు 22 కిలోమీటర్ల లైను. 2018లో బస్సులు తిప్పడం మొదలుపెట్టారు, 'చిగరి' అని పేరు పెట్టుకున్నారు, కన్నడంలో జింక అన్నమాట. స్టేషన్ దగ్గర ఒక బస్సు ఆగి ఉంటే వెనక బస్సు దాటిపోయేందుకు పక్కన ఇంకో లేన్ వేశారు కాబట్టి అన్ని స్టాపుల్లో ఆగే బస్సు, ఎక్స్‌ప్రెస్ బస్సు రెండూ నడుస్తాయి.

విజయనగరాన్ని అలా చూస్తే నడుం లాంటి లైను ఒకటి కనిపిస్తుంది. ఒక కొస నెల్లిమర్ల: జూట్ మిల్లు, మెడికల్ కాలేజీ. అక్కణ్నుంచి దాసన్నపేట మీదుగా ఊళ్లోకి, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరికి, ఆపైన విశాఖ రోడ్డు పట్టుకుని చింతలవలస ఇంజనీరింగ్ కాలేజీ దాకా. ఈ నడుముకి కొమ్మలు తర్వాత వస్తాయి: 2023లో తెరిచిన ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్న గాజులరేగ వైపు ఒకటి, ద్వారపూడి జేఎన్‌టీయూ వైపు ఒకటి, విమానాశ్రయం వల్ల రద్దీ పెరిగే భోగాపురం వైపు నాతవలస మీదుగా ఒకటి. ఇది నా ఊహాచిత్రమే. పైన చెప్పిన లెక్క వేరే లైను చూపిస్తే ఆ లైనే సరైనది.

ఒక రోడ్డు మాత్రం లెక్కతో పనిలేకుండా వదిలేయాలి. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆకాశంలోకి లేచిన మానుకొనన పూజారి కూర్చుంటారు, కింద బండి, ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల, వీధి నిండా ఇసుకేస్తే రాలనంత జనం. ఆ వీధిలో డివైడరు గానీ, పైకప్పు స్టేషన్ గానీ, అడ్డంగా తీగలు గానీ ఉండకూడదు. ఊరి వాడైన ప్లానర్‌కి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. బయటి కన్సల్టెంట్‌కి మాత్రం టెండరు కాగితంలోనే రాసివ్వాలి. ఆ రెండు రోజులూ, అంటే సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను, బస్సులు ఏ దారిన మళ్లాలో ప్లాన్‌లోనే గీసిపెట్టాలి.

3. ఎంత వెడల్పుకి ఏ రూపం

పూర్తి స్థాయి బీఆర్టీఎస్‌కి జాగా ఇలా పోతుంది. రెండు బస్సు లేన్లు మూడున్నర మీటర్ల చొప్పున 7 మీటర్లు. స్టేషన్ మూడున్నర. రెండు వైపులా విడదీసే కట్ట అరమీటరు చొప్పున ఒక మీటరు. మిగతా బండ్లకి అటు ఆరున్నర, ఇటు ఆరున్నర, 13 మీటర్లు. ఫుట్‌పాత్‌లు రెండున్నర చొప్పున 5. కూడితే 29.5. అంటే వంద అడుగుల రోడ్డుకి కాస్త తక్కువ. స్టేషన్ లేని చోట మూడున్నర మీటర్లు మిగులుతుంది, దాన్ని పార్కింగ్‌కో చెట్లకో ఇవ్వొచ్చు.

ఊరి శివార్లలో ఈ వెడల్పు దొరుకుతుంది. ఊళ్లో దొరకదు. దొరకలేదని ఫుట్‌పాత్ కోసేసి బస్సు లేన్‌కి కలపడం అన్నిటికంటే చెడ్డ పని, ఎందుకంటే బస్సు దిగిన ప్రతి మనిషీ నడిచే ఇంటికి వెళ్లాలి. ఇళ్లు పడగొట్టి వెడల్పు చేయడం రెండో చెడ్డ పని. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం, లేదా టీడీఆర్ బాండ్లు (పోయిన జాగాకి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు), ఏదైనా సంవత్సరాలు పడుతుంది. ఈలోపు అటు కొంత ఇటు కొంత వెడల్పయిన రోడ్డు సీసా మెడలా తయారవుతుంది. విశాఖలో సింహాచలం కారిడార్‌కి జరిగింది ఇదే, భూమి చిక్కుల వల్ల మధ్య ముక్క ఏళ్లతరబడి ఆగిపోయింది.

కాబట్టి 18 మీటర్ల రోడ్డులో మొత్తం లేన్ వేయొద్దు. జంక్షన్‌కి ముందు వంద మీటర్లు మాత్రమే బస్సుకి విడిగా ఇవ్వండి. మిగతా బండ్లు ఎర్రలైటు దగ్గర బారు తీరితే బస్సు పక్కనుంచి ముందుకొచ్చి నిలబడి, పచ్చలైటు పడగానే మొదట పోతుంది. అది కూడా కుదరని చోట ఉదయం, సాయంత్రం ఒకే దిక్కుకి బస్సు లేన్. 12 మీటర్ల బజారు వీధైతే బస్సుని దూర్చకుండా దగ్గర మొగలో స్టేషన్ పెట్టి, ఆ వీధిని నడిచేవాళ్లకి బాగుచేయాలి. ఒకే లైను మీద నాలుగు రకాల రోడ్లుంటే నాలుగు రకాల పరిష్కారాలు పెట్టడం తప్పేం కాదు.

లేన్ అంచున వేయాలా, మధ్యన వేయాలా అన్న ప్రశ్నకి మన ఊళ్లో ఒకటే జవాబు, మధ్యన. అంచు లేన్ పొద్దున్న పాలవ్యాన్‌కి, పదింటికి షాపు ముందు బైకులకి, సాయంత్రం పానీపూరీ బండికి పోతుంది. వాళ్లని తప్పుపట్టి లాభం లేదు, దుకాణానికి రోడ్డు అంచు కావాలి.

4. జంక్షన్

మనం ఎడమ పక్కన నడిచే దేశం కాబట్టి చిక్కంతా కుడికి తిరిగే బండితో వస్తుంది. నాలుగు రోడ్ల కూడలిలో ఒక్కో రోడ్డుకీ విడిగా పచ్చలైటు ఇస్తే సిగ్నల్ నాలుగు ముక్కలవుతుంది, బస్సుకి దక్కేది మొత్తం టైంలో నాలుగో వంతు. కుడి మలుపు ఆపేసి, ఎదురెదురు రోడ్లు ఒకేసారి వదిలితే రెండు ముక్కలే. బస్సుకి దాదాపు సగం టైం పచ్చలైటే. ఒక్క రూపాయి కాంక్రీటు పోయకుండా బస్సు స్పీడు పెంచే పని ఇది.

కుడికి తిరగాల్సినవాళ్లు ముందుకెళ్లి యూటర్న్ తీసుకోవాలి, లేదా ముందు సందులో ఎడమకి దిగి చుట్టి రావాలి. ఆ చుట్టు మూడు వందల మీటర్లు దాటకుండా చూసుకోవాలి. దాటితే రాంగ్ రూట్ మొదలవుతుంది, ఎన్ని బారికేడ్లు పెట్టినా ఆగదు. ఆసుపత్రి, ఫైర్ స్టేషన్ దగ్గర మాత్రం కుడి మలుపు ఉంచాలి. మొత్తం సిగ్నల్ తిరిగి రావడానికి రెండు నిమిషాలు మించకూడదు. సిగ్నల్ ఎంత పొడవైతే నడిచి దాటేవాళ్లు అంత ఓపిక కోల్పోయి మధ్యలో దూకుతారు.

స్టేషన్‌ని జంక్షన్ మొదట్లోనే అంటించకండి. ఒక బస్సు ఎక్కించుకుంటూ ఆగితే దాని వెనక బస్సు, ఆ వెనకది, పచ్చలైటుని వృథా చేస్తాయి. రెండు మూడు బస్సులు నిలబడేంత, నలభై యాభై మీటర్లు, దూరం వదలాలి. అలాగని నూట యాభై మీటర్లు లోపలికి పెడితే జీబ్రా గీతల దాకా ఎవరూ నడవరు, కంచె ఎక్కి దాటుతారు.

5. మెట్టు, తలుపు, టికెట్

గంట్యాడ వైపు నుంచి వచ్చే పల్లెవెలుగు ఎక్కే కూరగాయల ముసలమ్మని ఒకసారి గమనించండి. నెత్తిన వంకాయల తట్ట. బస్సు ఆగాక ముందు తట్ట దించి మెట్టు మీద పెడుతుంది. మొదటి మెట్టు ఆమె మోకాలికి పైన ఉంటుంది. "బాబూ, తట్టొకసారి అందుకో నాయినా" అంటుంది, పైనున్న కుర్రాడు లాగుతాడు. కమ్మీ పట్టుకుని ఒక కాలు, ఆగి ఇంకో కాలు. వెనక పదిహేను మంది నిలబడి ఉంటారు. ఎవరూ విసుక్కోరు. కాని స్టాప్‌వాచ్ ఆగదు. నా నోటు పుస్తకంలో రెండో గడి నిండేది ఇలాంటి నిమిషాలతోనే.

ఇందులో ఆమె తప్పేమీ లేదు. బస్సు నేల ఎత్తు, ప్లాట్‌ఫాం ఎత్తు ఒకటి చేస్తే ఆమె తట్ట నెత్తిన ఉండగానే లోపలికి నడిచి వెళ్తుంది. చక్రాల కుర్చీ వెళ్తుంది. పిల్లని ఎత్తుకున్న తల్లి వెళ్తుంది. మెట్లెక్కి, తలుపు దగ్గరే టికెట్ కొట్టించుకుంటే మనిషికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. సమానమైన ఎత్తు, వెడల్పు తలుపు, టికెట్ బయటే అయితే ఒక సెకను, రెండు సెకన్లు. ఇరవై మంది ఎక్కే స్టాపులో తేడా దాదాపు నలభై సెకన్లు. ఇరవై స్టాపులకి లెక్కేసుకోండి.

బస్సు నేల 40 సెంటీమీటర్లా, 65 సెంటీమీటర్లా, 90 సెంటీమీటర్లా అన్నది స్టేషన్ కట్టకముందే తేల్చాలి, తేల్చాక మార్చకూడదు. బస్సుల టెండరు ఒక ఆఫీసు, స్టేషన్ టెండరు ఒక ఆఫీసు పిలిస్తే అడుగు తేడా రావడం ఖాయం. ప్లాట్‌ఫాంకీ బస్సుకీ మధ్య సందు బెత్తెడు మించకూడదు. డ్రైవర్ అంత దగ్గరగా ఆపేందుకు అంచున చక్రం రాసుకునే నున్నటి రాయి వేయాలి, ఆపే చోట నేల మీద గీత గీయాలి.

టికెట్ విషయంలో మన రాష్ట్రానికి ఒక ప్రత్యేకత ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకి పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఉచితం. కండక్టర్ గుర్తింపు కార్డు చూసి జీరో టికెట్ కొడతారు. అంటే డబ్బు తీసుకోకపోయినా టైం మాత్రం పోతుంది. స్టేషన్ గుమ్మం దగ్గరే ఆ జీరో టికెట్ ఇచ్చేస్తే బస్సులో కండక్టర్ మీద భారం తగ్గుతుంది, ఏ స్టేషన్‌లో ఎందరు ఎక్కారో లెక్కా దొరుకుతుంది.

తలుపు ఏ పక్క? అహ్మదాబాద్‌లో మధ్యన ఒకే స్టేషన్, బస్సుకి కుడి పక్క తలుపులు. కుడి పక్క మాత్రమే తలుపున్న బస్సు అలాంటి లైనుకే పనికొస్తుంది. మనకి గజపతినగరం, ఎస్.కోట, చీపురుపల్లి నుంచి వచ్చే మామూలు ఆర్టీసీ బస్సులు కూడా ఆ లేన్‌లో నడవాలి. వాటికి తలుపు ఎడమ పక్కనే. ఢిల్లీలో చేసినట్టు రోడ్డు మధ్యలోనే, కాని బస్సు లేన్‌కి ఎడమ పక్కన, వచ్చే దిక్కుకొకటి పోయే దిక్కుకొకటి కాస్త ఎడంగా స్టేషన్లు కడితే ఏ బస్సైనా ఆగొచ్చు. జాగా కొంచెం ఎక్కువ పోతుంది, నేను దీనికే ఓటేస్తాను. కారణం కింది లెక్కలో ఉంది.

6. ఎన్ని బస్సులు

సూత్రం చిన్నది. పోయి రావడానికి పట్టే నిమిషాలని బస్సుకీ బస్సుకీ మధ్య నిమిషాలతో భాగిస్తే బస్సుల సంఖ్య వస్తుంది. లైను 15 కిలోమీటర్లు అనుకుందాం. గంటకి 15 కిలోమీటర్ల స్పీడైతే పోవడానికి 60, రావడానికి 60, రెండు కొసల్లో ఐదేసి నిమిషాలు: 130. ఐదు నిమిషాలకో బస్సు కావాలంటే 26 బస్సులు. స్పీడు 20కి పెరిగితే 45, 45, పది: 100 నిమిషాలు, 20 బస్సులు. జంక్షన్లు, తలుపులు బాగుచేయడం వల్ల ఆరు బస్సులు, వాటి డ్రైవర్లు, వాటి డీజిలో కరెంటో మిగిలాయి. లేదా అవే 26 బస్సులు నాలుగు నిమిషాల లోపే ఒకటి చొప్పున తిప్పొచ్చు. రిపేర్లకి పదో వంతు స్పేర్ కలుపుకోవాలి.

ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. ఐదు నిమిషాలకొకటి అంటే గంటకి 12 బస్సులు. మధ్యలో లేన్ ఖాళీగా కనిపిస్తుంది. పక్కన ఎండలో నిలబడ్డ బైకు మనిషికి ఆ ఖాళీ చూసి కడుపు మండుతుంది, ఆ మంట కౌన్సిల్ దాకా పోతుంది. భోపాల్‌లో 2024లో లైను తీసేయడం మొదలుపెట్టారు, ఇందోర్‌లో కూడా అదే నిర్ణయం జరిగింది. రెండు నిమిషాలకి ఒక బస్సైనా కనిపించకపోతే మన ఊళ్లో విడి లేన్ నిలవదు. 2011 లెక్కల్లో రెండు లక్షల పైచిలుకు జనాభా ఉన్న పట్నానికి ఒక్క కొత్త సర్వీసుతో అంత రద్దీ రాదు. పల్లెవెలుగులు, కాలేజీ బస్సులు, అంబులెన్సులు అన్నీ ఆ లేన్‌లోకి వస్తేనే వస్తుంది. అందుకే ఎడమ తలుపు స్టేషన్.

7. ఆటోవాళ్లు, బండ్లవాళ్లు, దుకాణాలు

ఈ మీటింగులు లైను గీయకముందు పెట్టాలి, గీశాక పెడితే అది మీటింగు కాదు, కబురు చెప్పడమే. సర్వీస్ ఆటో యూనియన్లకి నేరుగా చెప్పండి: నడుం లైను మీద బస్సుతో పోటీ తగ్గుతుంది, దానికి బదులు ప్రతి స్టేషన్ దగ్గర ఆటో స్టాండు, లోపలి కాలనీలకి రూట్లు. అయ్యన్నపేట, కంటోన్మెంట్, కొత్త లేఅవుట్లు, వీటికి స్టేషన్ నుంచి చేరేది ఆటోలోనే. ఆ స్టాండు స్టేషన్ డ్రాయింగులో కనిపించాలి, నోటిమాటగా ఉండకూడదు.

తోపుడు బండ్లకి 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులే ఉండాలి. ఆ కమిటీని కూర్చోబెట్టకుండా ఎవరినీ లేపకండి. స్టేషన్ దగ్గర జనం దిగుతారు కాబట్టి అక్కడే బండ్లకి జాగా చూపిస్తే వాళ్లే మీ లైనుకి కాపలా అవుతారు.

8. ఎవరు చేయాలి, డబ్బెలా

రోడ్డు కార్పొరేషన్‌ది, కొంత ఆర్ అండ్ బీది, కొంత జాతీయ రహదారి. సిగ్నల్ పోలీసులది. బస్సు ఆర్టీసీది, 2020 జనవరి నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులు. ప్లానింగు వీఎంఆర్‌డీఏది (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ). ఇంతమంది చేతుల్లో ఉన్న పనికి ఒక మనిషి, ఒక ఆఫీసు, ఒక ఖాతా లేకపోతే ఎవరి ఫైలు వాళ్ల బల్ల మీదే ఉంటుంది. చిన్న కంపెనీయో, కలెక్టర్ కింద ప్రత్యేక విభాగమో ఏర్పాటు చేసి, సిగ్నల్ మార్చే అధికారం, రోడ్డు తవ్వే అనుమతి దానికివ్వాలి. డిజైన్‌కి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2017లో విడుదల చేసిన ఐఆర్‌సీ 124 అనే బీఆర్టీఎస్ మార్గదర్శక పుస్తకం ఉంది, మళ్లీ కొత్తగా కనిపెట్టక్కర్లేదు.

బస్సులు ప్రైవేటు ఆపరేటర్ నడిపితే టికెట్ డబ్బు వాళ్లకివ్వకూడదు. కిలోమీటరుకి ఇంత అని కట్టాలి. టికెట్ డబ్బు మీద బతికే డ్రైవర్ జనం కోసం స్టాపులో ఆగి ఉంటాడు, కిలోమీటరు లెక్కైతే టైంకి కదులుతాడు. స్టాపు వదిలేస్తే, ప్లాట్‌ఫాంకి దూరంగా ఆపితే కోత కూడా అగ్రిమెంటులోనే రాసుకోవాలి.

9. కట్టే వరస

ముందు నేల కింద పని. మంచినీటి పైపు, మురుగు కాల్వ, కేబుళ్లు బస్సు లేన్ కిందనుంచి పక్కకి జరపాలి. జరపకుండా వేస్తే మొదటి లీకుకే లేన్ తవ్వాల్సి వస్తుంది. తర్వాత ఫుట్‌పాత్, డ్రెయిన్. ఆ తర్వాత మామూలు బండ్ల దారి. చివర బస్సు లేన్. మనవాళ్లు దీన్ని తిరగేసి మధ్య నుంచి మొదలుపెడతారు, బండ్లన్నీ ఇరుకులో పడి మొదటి నెలకే జనం తిట్టుకుంటారు.

స్టేషన్ దగ్గర తారు వద్దు. బస్సు అదే చోట రోజుకి వందలసార్లు బ్రేకు వేస్తే ఎండాకాలం తారు ముడతలు పడుతుంది, ప్లాట్‌ఫాం ఎత్తు లెక్క తప్పుతుంది. అక్కడ కాంక్రీటే. 2014లో హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లం, స్టేషన్ పైకప్పు గాలికి నిలిచేలా కట్టాలి, పల్చటి రేకు ముచ్చట వద్దు. మధ్య లేన్‌లో నీరు నిలవకుండా విడదీసే కట్టకి అక్కడక్కడ సందులు వదలాలి.

రెండు మూడు కిలోమీటర్లు పూర్తయ్యాక ఆపి, ఆ ముక్క మీద జనాన్ని ఉచితంగా తిప్పండి. అహ్మదాబాద్‌లోనూ ముందు అలాగే తిప్పి చూపించారు. తలుపు సందు, సిగ్నల్ టైం, జీబ్రా గీతల తప్పులన్నీ ఆ రోజుల్లోనే బయటపడతాయి. అవి దిద్దాకే మిగతా టెండరు.

10. తెరిచాక

మొదటి మూడు నెలలు ప్రతి జంక్షన్ మొగలో మనిషి ఉండాలి, పొద్దున్న ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా. జరిమానా కంటే అక్కడ ఒకరు నిలబడి ఉండటమే ఎక్కువ పని చేస్తుంది. ఎవరి కారునైనా, ఎంత పెద్దవాళ్లదైనా, ఒక్కసారి వదిలితే మర్నాటికి బైకులన్నీ లోపలుంటాయి.

నెలకోసారి పాత నోటు పుస్తకం తీసుకుని అదే సీట్లో కూర్చుని మూడు గడులు మళ్లీ నింపాలి. తగ్గని గడి ఏదో చూసి, ఆ స్టాపుకో ఆ జంక్షన్‌కో తిరిగి వెళ్లాలి.

ఇంకొకటి, చిన్న పనిలా కనిపించి అందరూ మర్చిపోయేది. లేన్ కంచెని లారీ గుద్దుతుంది, ఒక ముక్క ఊడుతుంది. మొదటి రోజు అందులోంచి ఒక మనిషి దాటుతాడు, రెండో రోజు బైకు, మూడో రోజు ఆటో. వారానికి అది దారి అయిపోతుంది, మూయబోతే గొడవ. అందుకని డిపోలో పది కంచె ముక్కలు, బోల్టులు, ఇద్దరు మనుషులు, ఒక వ్యాన్ ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఊడిన రాత్రే బిగించి రావాలి.